వైద్య పరిశోధన - బాలల అంగీకారము

పెద్దవారికి పనికివచ్చిన మందు పిల్లలకును అట్లే పనికివచ్చునని తలంచుట సరి కాదు. ఎదుగుచున్న శరీరమున మందు పనిచేయు తీరు వేరు. తగిన మోతాదు వేరు. అందుచేత బాలల వైద్యము బాగుపడవలెనన్నచో బాలలతో కూడిన పరిశోధనలు అవసరమే. అయితే సూదిమందునకు చేయి చాపవలసినది బిడ్డ. మరి సరేయని చెప్పవలసినది ఎవరు?

ఈ ప్రశ్న మన తెలుగునాట ఖమ్మం జిల్లాలో ఎదురైనది. నేడు తెలంగాణలోనున్న ఆ జిల్లా అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో నుండెను. గర్భాశయ ముఖ కేన్సరును నివారించు టీకాను గూర్చిన అధ్యయనము 2009లో అచ్చట 10 మొదలు 14 ఏండ్ల బాలికలతో జరిగినది. 2010లో ప్రభుత్వము దానిని నిలిపివేసినది. కొందరు బాలికలు మరణించిరి. ఆ మరణములకు టీకాతో సంబంధము ఉండకపోవచ్చునని విచారణ సంఘము అభిప్రాయపడినది. ఆ టీకా నేడు పెక్కు దేశములలో వాడుకలో నున్నది. తప్పు మరియొకచోట నున్నది. 9,543 సమ్మతి పత్రములలో 2,763 పత్రములపై వసతి గృహముల వార్డెన్లు సంతకములు చేసిరనియు, 1,948 పత్రములపై వేలిముద్రలు మాత్రమే యున్నవనియు 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము తెలిపినది. పెక్కు సందర్భములలో తల్లిదండ్రుల సమ్మతిని సరిగా పొందలేదు.

2017లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించిన మార్గదర్శక సూత్రములు ఈ విషయమును స్పష్టపరచినవి. తల్లిదండ్రులిచ్చునది సమ్మతి, బిడ్డ యిచ్చునది అంగీకారము. 7 మొదలు 12 ఏండ్ల వయస్సు వారి అంగీకారమును తల్లి లేక తండ్రి యెదుట నోటిమాటగా పొందవలెను. అటుపై 18 ఏండ్లు నిండువరకు వ్రాతమూలముగా పొందవలెను. బిడ్డ మౌనము అంగీకారము కాదు. వలదన్న బిడ్డ మాటను సాధారణముగా మన్నించవలెను. పరిశోధన ద్వారా తప్ప లభింపని ప్రాణావసరమైన చికిత్స విషయము వేరు.

పరిశోధన వివరములు ఇంటివారికి అర్థమగు భాషలోనే ఉండవలెను. ఇది మన కుటుంబములకు ముఖ్యము. మన హోసూరు ప్రాంతమున అట్టి పత్రము తమిళమునగాని ఆంగ్లమునగాని రావచ్చును. తెలుగు మాత్రమే చదువగల తల్లి దానిపై సంతకము చేయుటకు మొగమాటపడ నక్కరలేదు. తెలుగులో వ్రాసి యిమ్మని అడుగుట ఆమె హక్కు.

ఇంటిలో బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని ఈ ప్రశ్నలను కలసి విచారింపుడు: ఈ పరిశోధన ఎందులకు? ఎన్నిమార్లు రక్తము తీయుదురు? హాని కలిగినచో వైద్యము, పరిహారము ఎవరు చూతురు? నడుమ మానుకొనవచ్చునా? నైతిక పరిశీలన సంఘము అనుమతించినదా? పిమ్మట బిడ్డచేత తన మాటలలో చెప్పింపుడు. చెప్పలేనిచో ఇంకను అర్థము కాలేదని గ్రహింపవలెను.

పాఠశాలకు ఎట్టి పత్రము వచ్చినను, ప్రధానోపాధ్యాయుని సంతకము తల్లిదండ్రుల సంతకమునకు బదులు కానేరదు. మీ సంతకము మీ బిడ్డ మాటకు బదులు కానేరదు. తన దేహమును గూర్చి అడుగబడిన బాలుడు ఆలోచించి పలుకుట నేర్చుకొనును. అదియును విద్యయే.