8 కిలోబైట్ల కిరీటం

దుర్యోధనుడి కిరీటానికి కావలసిన తెలివి 8 కిలోబైట్లు. అందులో దాదాపు రెండు మనం కొనేటప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. మిగిలిన ఆరింటిలో మన పని హాయిగా అయిపోతుంది.

స్కూలు వార్షికోత్సవంలో మయసభ ఘట్టం వేస్తున్నారనుకోండి. సుయోధనుడి వేషం కట్టిన కుర్రాడికి అట్ట కిరీటం, దాని ముందువైపు వరసగా 16 చిన్న ఎల్‌ఈడీలు. సభలోకి వస్తున్నప్పుడు అవి బంగారు రంగులో నిదానంగా పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. నేల అనుకుని నీళ్లలో కాలు పెట్టి, నవ్వు చెవిన పడ్డాక కుర్రాడు ఒక బటన్ నొక్కగానే ఎర్రబడాలి. ఇంతే కథ. దీనికి బ్లూటూత్ అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు. ఫోన్ యాప్ ఉంటే బాగుంటుందని సలహా ఇచ్చే బంధువు ఒకరు తప్పకుండా ఉంటారు, ఆయనకు కాఫీ ఇచ్చి పంపించండి.

మనకు కావలసింది ఏటీటైనీ85 అనే ఎనిమిది కాళ్ల చిప్. ప్రోగ్రాం దాచుకోవడానికి 8 కిలోబైట్ల ఫ్లాష్, లెక్కలు చేసుకోవడానికి 512 బైట్ల ర్యామ్. వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ ఒక్కటి కూడా ఇందులో పట్టదు, దాన్ని గుణంగానే లెక్కవేసుకోవచ్చు. ఈ చిప్ పెట్టి అడాఫ్రూట్ కంపెనీ జెమ్మా, ట్రింకెట్ అనే బోర్డులు చేసింది. 2012లో కిక్‌స్టార్టర్ ద్వారా వచ్చిన డిజిస్పార్క్ ఇంకొకటి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల ఆ పేరుతో దొరికేవి చాలామటుకు దానికి నకళ్లే. మన పనికి నకలు చాలు.

ఇక దీపాలు. డబ్ల్యూఎస్2812బీ అనే ఈ ఎల్‌ఈడీల్లో ఒక్కోదాని లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు దీపాలూ, వాటిని నడిపే చిన్న సర్క్యూటూ ఉంటాయి. 16 దీపాలకు 16 తీగలు లాగే పని లేదు, సమాచారం అంతా ఒకే తీగలో వెళుతుంది. పెళ్లి బంతిలో విస్తళ్ల కట్ట చేతులు మారినట్టే: మొదటివాడు పైది తీసుకుని మిగతా కట్ట పక్కవాడికి అందిస్తాడు. మొదటి ఎల్‌ఈడీ తనకు రావలసిన 24 బిట్లు ఉంచుకుని, తర్వాత వచ్చేవన్నీ ముందుకు పంపుతుంది. ఆ 24లో మొదటి ఎనిమిది ఆకుపచ్చవి, తర్వాతవి ఎరుపువి, ఆఖరివి నీలానివి. ఎరుపు అడిగితే ఆకుపచ్చ వెలిగిందంటే బోర్డు పాడైపోలేదు, ప్రోగ్రాంలో రంగుల వరస తప్పు రాశారన్నమాట.

ఒక్కో బిట్టుకు పట్టే సమయం 1.25 మైక్రోసెకన్లు. తీగ మీద కరెంటు ఎంతసేపు నిలబడిందన్నదాన్ని బట్టి అది సున్నానా, ఒకటా అని దీపం తేల్చుకుంటుంది. మన చిప్ గడియారం సెకనుకు కోటీ అరవై లక్షల పైచిలుకు సార్లు కొట్టుకుంటుంది కాబట్టి ఒక బిట్టు పంపడానికి దానికి చిక్కేవి సుమారు 20 టిక్కులు. ఆ టిక్కుల లెక్క ఈ దీపాలను నడిపే నియోపిక్సెల్ లైబ్రరీ రాసినవాళ్లు ఎప్పుడో చేసిపెట్టారు. మనం రంగు చెప్పి, చూపించమంటే చాలు. 16 దీపాలకూ వార్త చేరడానికి అర మిల్లీసెకను కూడా పట్టదు.

ప్రోగ్రాంను బోర్డులోకి ఎక్కించడం దగ్గరే చాలామంది విసుగెత్తి వదిలేస్తారు. ఆర్డినో లాంటి ఇతర బోర్డుల్లో కేబుల్ గుచ్చి, తర్వాత అప్‌లోడ్ నొక్కుతాం. డిజిస్పార్క్‌కి వరస తిరగబడుతుంది: ముందు అప్‌లోడ్ నొక్కాలి, గుచ్చమని అది అడిగాక గుచ్చాలి. అందుకు 60 సెకన్ల గడువిస్తుంది. బోర్డుకు కరెంటు అందగానే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం లేచి, కొత్త ప్రోగ్రాం ఏమైనా వస్తోందా అని కాసేపు చూస్తుంది. మొదట చెప్పిన రెండు కిలోబైట్లూ ఆక్రమించింది ఇదే. మామూలుగా అది చూసేది ఐదు సెకన్లు. అంటే స్విచ్ వేశాక ఐదు సెకన్లు కిరీటం నల్లగా ఉంటుంది. తెర వెనకే స్విచ్ వేయాలని కుర్రాడికి ముందే చెప్పాలి. వేదిక మీద ఐదు సెకన్లంటే చాలా ఎక్కువ. కంప్యూటరు బోర్డును అసలే గుర్తించకపోతే ముందు కేబుల్‌ని అనుమానించండి. ఇంట్లో డజను కేబుళ్లుంటే వాటిలో కొన్ని ఛార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరావు.

ప్రోగ్రాం రాయడంలో అందరూ మొదట పట్టుకునేది డిలే, అంటే కాసేపు ఆగమనే ఆదేశం. వెలిగించు, ఆగు, తగ్గించు, ఆగు. ఇల్లు అలంకరించడానికైతే ఇబ్బంది లేదు. దుర్యోధనుడికి కోపం రావాలంటే మాత్రం కుదరదు. డిలేలో ఉన్న చిప్ బటన్ నొక్కినా వినిపించుకోదు. దానికి బదులు మిల్లీస్ వాడాలి, అంటే చిప్ మొదలైనప్పటి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పే లెక్క. ప్రతి చుట్టులోనూ ప్రోగ్రాం రెండు ప్రశ్నలు వేసుకుంటుంది: బటన్ నొక్కారా? దీపం మార్చే వేళయిందా? కాకపోతే ముందుకు పోతుంది, ఎక్కడా ఆగదు. బటన్ ఒక్కసారి నొక్కినా లోపలి లోహపు రేకులు అదిరి చిప్‌కి నాలుగైదు నొక్కుళ్లుగా కనబడవచ్చు. మొదటి నొక్కుడు తర్వాత ఓ 50 మిల్లీసెకన్లపాటు మిగతావాటిని పట్టించుకోకుండా ఉంటే చాలు. లేకపోతే మన సుయోధనుడు అరక్షణంలో రెండుసార్లు కోపగించుకుని రెండుసార్లు శాంతిస్తాడు.

కాంతిని నిదానంగా పెంచడంలో మన కన్నే ఒక తిరకాసు పెడుతుంది. ప్రకాశానికి సున్నా నుంచి 255 దాకా మెట్లున్నాయి. పది నుంచి ఇరవైకి వెళితే కంటికి పెద్ద మార్పు. రెండువందల నుంచి రెండువందల పదికి వెళితే మార్పే తెలియదు. మెట్లు సమానంగా పెంచుకుంటూ పోతే దీపం మొదట్లో ఉరికి, తర్వాత కదలనట్టు కనబడుతుంది. దీన్ని సరిదిద్దే పట్టికను గామా అంటారు. 256 బైట్ల పట్టిక. మన ర్యామ్ మొత్తం 512 బైట్లని గుర్తుంటే, అందులో సరిగ్గా సగం దీనికే పోతుందని తెలుస్తుంది. అందుకే దాన్ని ఫ్లాష్‌లో ఉంచి చదువుకుంటారు. నియోపిక్సెల్ లైబ్రరీలో ఈ పట్టిక అలాగే అమర్చి ఉంది, వాడుకోండి. దీపాన్ని పూర్తిగా ఆర్పేదాకా మాత్రం దించకండి. అడుగున మెట్లు తక్కువ కాబట్టి అక్కడ కుదుపు కనబడుతుంది.

ప్రోగ్రాం అంతా కలిపి ఓ నలభై యాభై వరసలు. కిరీటం వేదిక మీద ఆరిపోతే మాత్రం తప్పు ఆ వరసల్లో ఉండడం అరుదు, కరెంటులోనే ఉంటుంది. ఒక్కో రంగు పూర్తిగా వెలిగితే 20 మిల్లీఆంపియర్లు లాగుతుంది. తెల్లగా వెలిగితే మూడు రంగులకూ కలిపి 60. పదహారింటికి 960, దాదాపు ఒక ఆంపియర్. చిన్న ట్రిపుల్ ఏ సెల్స్ మీద అంత భారం వేస్తే వోల్టేజీ కుంగిపోయి చిప్ మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు మళ్లీ ఐదు సెకన్ల చీకటి. బంగారు రంగుకి ఎరుపు పూర్తిగా, ఆకుపచ్చ సగం వాడితే 480. కోపానికి ఒట్టి ఎరుపే కాబట్టి 320. దుర్యోధనుడికి శాంతం కన్నా కోపం చవక. మహాభారతంలోనూ లెక్క అలాగే ఉంటే ఎంత బాగుండేది!

ప్రకాశాన్ని ఐదో వంతుకు తగ్గించమని లైబ్రరీకి ఒక్క మాట చెబితే 480 కాస్తా వందకు దిగుతుంది. చీకటి హాల్లో అది తక్కువేమీ కాదు. పూర్తి ప్రకాశంలో పెడితే ముందు వరసలోవాళ్లకు కిరీటం కనబడుతుంది గానీ, కింద కుర్రాడి ముఖం కనబడదు. ఎల్‌ఈడీల ముందు బటర్ పేపరో పల్చటి థర్మోకోలో పెడితే చుక్కలు కలిసి ఒకే వెలుగవుతాయి.

తయారీలో జాగ్రత్తపడాల్సింది తళతళలాడే కాగితం దగ్గర. దానిలో అల్యూమినియం రేకు ఉంటే కరెంటు పారుతుంది. టంకం వేసిన చోట్ల అది తగిలితే షార్ట్ ఖాయం, కాబట్టి వెనక ఇన్సులేషన్ టేపు అంటించండి. తల ఆడించే పాత్ర కదా, ఒంటి పోగు తీగ త్వరగా తెగుతుంది. పలు పోగుల తీగ వాడండి. చిప్ నుంచి మొదటి దీపానికి వెళ్లే డేటా తీగలో 330 ఓంల రెసిస్టర్, కరెంటు తీగల మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే స్విచ్ వేసినప్పటి అదుటుకి దీపాలు దెబ్బతినవు.

బ్యాటరీ విషయంలో పవర్‌బ్యాంక్ పెట్టాలనిపిస్తుంది. బరువు సంగతి అలా ఉంచండి, వంద మిల్లీఆంపియర్లు మాత్రమే తీసుకుంటుంటే చాలా పవర్‌బ్యాంకులు ఫోన్ నిండిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. నాలుగు ఆల్కలైన్ సెల్స్ వేస్తే 6 వోల్టులు, ఆ దీపాల హద్దు 5.3. విడిగా దొరికే లిథియం సెల్ పిల్లాడి తల మీద అసలు వద్దు, షార్ట్ అయితే మండుతుంది. స్విచ్ ఉన్న డబ్బాలో మూడు ట్రిపుల్ ఏ ఆల్కలైన్ సెల్స్ వేసి, బోర్డు మీద 5వీ అని రాసి ఉన్న పిన్నుకే కలపండి. నాలుగున్నర వోల్టులు, గంటల తరబడి వెలుగు. సెల్స్ మాత్రం నాటకం రోజు పొద్దున కొత్తవి వేయండి.