కానాగంతలు కొంటున్నారా? రేటు తర్వాత.. ముందు ఐస్ ఉందో లేదో చూడండి!

తక్కువ ధరకు దొరికే సముద్రపు చేపల్లో కానాగంతలకు ఉన్న గిరాకీయే వేరు. వేపుడైనా, పులుసైనా కోస్తాలో ఇష్టంగా తింటారు. ఐస్ పెట్టెల్లో హైదరాబాద్ మార్కెట్లకూ వస్తుంటాయి. అయితే ఈ చేపతో ఒక చిక్కుంది. పట్టిన తర్వాత ఐస్ లేకుండా గంటల తరబడి ఉంచితే, ఒంటికి పడని ఒక పదార్థం అందులో తయారవుతుంది. ఎంత ఉడికించినా, ఎంత వేయించినా అది పోదు. అందుకే ఈ చేపను ఎలా గుర్తుపట్టాలి, ఎలా పడతారు, ఎలా తినాలి అన్నవి తెలుసుకుని కొనడం మంచిది.

ఏది కానాగంత?

సాధారణంగా జానెడు పొడవుంటుంది. వీపు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో, పొట్ట వెండిలా మెరుస్తూ ఉంటుంది. వీపు పక్కన నల్లటి చుక్కలు వరుసగా కనిపిస్తాయి. వీపు మీద రెండు రెక్కలు విడివిడిగా ఉంటాయి. వాటి వెనక తోక వరకు పైన ఐదు, కింద ఐదు బుల్లి రెక్కలుంటాయి. నోరు తెరిచి చూస్తే లోపల ఈకల్లాంటివి కనిపిస్తాయి. నీటిలోని సూక్ష్మజీవులను అది వాటితోనే వడగట్టి తింటుంది.

కవళ్లు చూసి ఇవే అనుకునేవాళ్లూ ఉంటారు. కవ్వకు వీపు మీద ఒకటే రెక్క. తోక దగ్గర బుల్లి రెక్కలుండవు. పొట్ట అంచు చేతికి గరుకుగా తగులుతుంది.

కేరళలో దీన్ని అయల అంటారు, మంగళూరులో బంగుడె, ముంబై, గోవాల్లో బాంగ్డా. శాస్త్రీయ నామం మాత్రం మన దగ్గర నుంచి వెళ్లిందే. స్కాట్లాండ్ డాక్టర్ పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వివరాలను, వాటి స్థానిక పేర్లతో సహా 1803లో పుస్తకంగా తెచ్చారు. అందులోని కనగుర్త అన్న పేరునే ఫ్రెంచ్ శాస్త్రవేత్త జార్జ్ కువియే తీసుకున్నారు. ఇప్పటికీ ఇది ప్రపంచమంతటా రాస్ట్రెల్లిగర్ కనగుర్తయే.

ఎలా పడతారు?

కానాగంతలు తీరానికి దగ్గర్లో పెద్ద మందలుగా తిరుగుతాయి. ఫైబర్ పడవల్లో వెళ్లి కంతల వలలు కడతారు. చేప తల కంతలోకి దూరి మొప్పల దగ్గర ఇరుక్కుపోతుంది. వల లాగేలోపే చాలా చేపలు చనిపోతాయి. సముద్రపు నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి, చేప పాడవడం అక్కడే మొదలవుతుంది. ఒడ్డుకు వచ్చాక కాదు!

మంద మొత్తాన్ని చుట్టేసే రింగు వలలూ ఉన్నాయి. ఈ వలల గొడవలోనే 2022 జనవరిలో విశాఖలో పడవలు తగలబడ్డాయి. ఇలా ఒక్కసారే భారీగా చేప పడినప్పుడు పడవలో ఐస్ సరిపోకపోతే నష్టం తినేవాళ్లకే.

అసలు సమస్య ఏంటి?

కానాగంత కండలో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువ. చేప చనిపోయి వెచ్చగా ఉంటే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. అది ఎక్కువైన చేప తింటే కొన్ని నిమిషాల నుంచి ఒకట్రెండు గంటల్లోనే ముఖం ఎర్రబడటం, దురద, దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ, విరేచనాలు వస్తాయి. చాలామందికి ఒక రోజులోపే తగ్గిపోతుంది. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

దీన్ని చాలామంది 'చేప పడలేదు' అనుకుని జీవితాంతం మానేస్తారు. ఎప్పుడూ తినేవాళ్లకు ఈసారే ఇలా జరిగినా, కలిసి తిన్న నలుగురికీ వచ్చినా హిస్టమిన్‌ను అనుమానించాలి. అలర్జీ అవునో కాదో డాక్టరే తేల్చాలి. కవళ్లు, సూర చేపల్లోనూ ఇదే సమస్య ఉంది.

కొనేటప్పుడు..

• చేప ఐస్ మధ్యలో ఉండాలి. పైన నాలుగు ముక్కలు చల్లితే సరిపోదు.
• తల పట్టుకుని ఎత్తితే తోక వేలాడకూడదు.
• కళ్లు ఉబ్బెత్తుగా, మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడకూడదు.
• వాసన లేదని ధీమా వద్దు. కుళ్లు వాసన రాకముందే హిస్టమిన్ తయారవ్వొచ్చు.

వండేటప్పుడు..

ఇంటికి రాగానే మొప్పలు, పేగులు తీసి కడిగేయండి. వెంటనే వండకపోతే 4 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన చేపనూ బయట ఉంచొద్దు. డీప్ ఫ్రిజ్‌లో పెడితే కొత్తగా హిస్టమిన్ తయారవడం ఆగుతుంది కానీ, అప్పటికే ఉన్నది పోదు. ఎండబెట్టినా, ఉప్పు పట్టించినా అంతే.

వేపుడుకైతే రెండు వైపులా గాట్లు పెట్టి మసాలా పట్టించాలి. పులుసుకైతే చింతపండు రసం బాగా మరిగాక చేప వేయాలి. ఆ తర్వాత గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పితే చాలు. ముక్క విరగదు. చేపల పులుసు మర్నాడే రుచి అంటారు కదా.. నిజమే! చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరిగించి తినండి. కానీ చేప ముందే పాడై ఉంటే ఏ పులుసూ దాన్ని బాగుచేయలేదు.