సీరియల్ చూసేవాళ్లకు అన్నీ గుర్తుంటాయి

‘ఆయనే డాక్టరు కదా! ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోయేదానికి ఇన్నేళ్లు పెళ్లాన్ని ఏడిపిస్తాడా?’

‘కార్తీకదీపం’ వస్తున్న రోజుల్లో ఈ మాట వినపడని తెలుగు వీధి లేదు. ఏడున్నర అయ్యేసరికి ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉండాలన్నది పెద్ద తగవు. 2020 నుంచి ఐపీఎల్ మ్యాచ్‌లూ సరిగ్గా ఆ వేళకే మొదలయ్యేవి. చాలా ఇళ్లలో క్రికెట్ ఫోన్‌లోకి వెళ్లింది, టీవీ ఆ సీరియల్ నాయిక వంటలక్కకు దక్కింది.

స్టార్ మాలో 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23న ముగిసిన ఈ సీరియల్, మలయాళ ‘కరుతముత్తు’కు రీమేక్. 1500కు పైగా ఎపిసోడ్లు నడిచింది. డాక్టర్ కార్తీక్‌కు పిల్లలు పుట్టే అవకాశం లేదని విలన్ మోనిత నమ్మించడం, కడుపుతో ఉన్న భార్య దీపను అతడు అనుమానించడం, కవలల్లో ఒకరు తల్లి దగ్గర, ఒకరు తండ్రి దగ్గర పెరగడం... ఇదీ కథలోని ముడి. దాన్ని విప్పడానికి ఏం చేయాలో చూసేవాళ్లకు మొదట్లోనే తెలుసు. రచయితలు మాత్రం ఏళ్ల తరబడి ఆ దారికి అడ్డం పడుతూనే వచ్చారు.

తెలిసీ ఎందుకు చూశారు? ఆ పరీక్ష కోసం ఎదురుచూసిన వాళ్లకంటే దీప ఏం చేస్తుందో చూద్దామనుకున్న వాళ్లే ఎక్కువని నా నమ్మకం. భర్త కాదన్నాక బస్తీలో వంటలు చేసుకుంటూ బిడ్డను పెంచుకున్న మనిషి ఆమె. నిజం తెలిసి అతడు వస్తే తలుపు తీయాలా, వద్దా? ‘పిల్లల మొహం చూసైనా సర్దుకోవాలి’ అని అత్తగారు అంటే, ‘అంత మాట అన్నవాడితో కాపురం ఎలా చేస్తుంది?’ అని కోడలు అడిగేది. సొంత కాపురాల గురించి నోరు విప్పలేని ఆడవాళ్లు దీప పేరు పెట్టుకుని ఎన్ని మాట్లాడారో! అనుమానం గురించి, మగవాడి అహం గురించి, చేతిలో సంపాదన ఉన్న ఆడదాని ధైర్యం గురించి. సీరియళ్లను కాలక్షేపమని తీసిపారేసేవాళ్లు ఈ చర్చను ఒక్కసారైనా పక్కన కూర్చుని వినలేదు.

మరో ప్రశ్న కూడా వచ్చింది. దీప నల్లగా ఉంటుందనే కదా కథ మొదలైంది. ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్‌కు మేకప్‌తో రంగు తగ్గించారు. పండగ కార్యక్రమాల్లో ఆమె అసలు రంగు చూసిన జనం ‘నల్లగా ఉండే అమ్మాయే దొరకలేదా?’ అన్నారు. నలుపును చిన్నచూపు చూడొద్దని చెప్పే కథకు ఇంతకంటే సూటైన ప్రశ్న మరొకటి లేదు. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు.

చచ్చిపోయినవాళ్లు తిరిగొచ్చారు

2022 మార్చిలో డాక్టర్‌బాబు కార్తీక్‌ను, వంటలక్క దీపను ప్రమాదంలో చంపేశారు. పిల్లలు హిమ, శౌర్య పెద్దవాళ్లయ్యారు, కొత్త నటులు వచ్చారు, ప్రేమకథలు మొదలయ్యాయి. జనం అంగీకరించలేదు. వాళ్లకు కావలసింది ఆ పేరుతో ఉన్న సీరియల్ కాదు, ఆ ఇద్దరూ. కొన్ని నెలలకే దీప బతికే ఉందన్నారు, కార్తీక్ గతం మర్చిపోయి మోనిత దగ్గర ఉన్నాడన్నారు. 2024 మార్చిలో మొదలైన రెండో ‘కార్తీకదీపం’లోనూ కార్తీక్, దీపలుగా నిరుపమ్ పరిటాల, ప్రేమి విశ్వనాథే. కథ వేరు, మొహాలు అవే. ప్రేక్షకులు గెలిచారనే అంటాను.

ఈ పట్టు ఇప్పటిది కాదు. మంజులా నాయుడు ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ జెమినీలో వచ్చి ఏళ్లు గడిచినా, ‘మొగలిరేకులు’లోని ఆర్కే నాయుడంటే జనానికి నటుడు సాగరే. లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగిపోయి కొత్త ఎపిసోడ్లు లేనప్పుడు ఆ పాత కథలను యూట్యూబ్‌లో మళ్లీ చూసినవాళ్లున్నారు.

మనిషి మారితే...

సీరియల్ అభిమానులకు అన్నిటికంటే కష్టం నటులు మారడం. నిన్నటిదాకా ఒకరు, ఇవాళ అదే పేరుతో ఇంకొకరు. ప్రేమి విశ్వనాథే మలయాళ మాతృకలో నాయికగా మొదలై మధ్యలో తప్పుకొన్నారు, అక్కడ ఆ పాత్ర మరొకరు చేశారు. ఇదే కథ తమిళంలో ‘భారతి కణ్ణమ్మ’గా వచ్చినప్పుడూ 2021లో కణ్ణమ్మ మారింది. ‘గుప్పెడంత మనసు’ సీరియల్‌లో దారి వేరు. రిషిగా చేసిన ముకేశ్ గౌడ నెలల తరబడి తెరమీద లేకపోతే ఇంకొకరిని తేలేదు. రిషి కనిపించకుండా పోయాడని కథ నడిపారు. తర్వాత అతడే రంగా అనే ఆటోడ్రైవర్‌గా వచ్చాడు. సాగదీతని విసుక్కున్నవాళ్లు కూడా నాయిక వసుధార పక్కన మరో మొహం పెట్టనందుకు సంతోషించారు.

తెర వెనక సంగతులు ప్రేక్షకులకు తెలియవనుకుంటే పొరపాటే. హీరోయిన్ వారంగా కనిపించక పక్కపాత్రల ట్రాకే నడుస్తుంటే ‘డేట్లు కుదరలేదేమో’ అంటారు. ఒకే హాల్లో అందరూ నిలబడి ఒక్కొక్కరి మొహం మీదికి కెమెరా తిరుగుతుంటే, చేతిలో ఎపిసోడ్లు అయిపోయాయని పసిగడతారు. కన్నడ నుంచి వచ్చిన నటికి గొంతు చెప్పే డబ్బింగ్ కళాకారిణి మారితే మొదటి డైలాగుకే పట్టేస్తారు.

గురువారం లెక్క

ఇంత శ్రద్ధగా చూసేవాళ్ల మాట నిర్మాతలకు చేరేది ఒక్క అంకెగా. బార్క్ సంస్థ ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెట్టి, ఏ చానల్ ఎంతసేపు చూశారో లెక్కగడుతుంది. గురువారం రేటింగులు వస్తాయి. తగ్గితే విలన్ కొత్త కుట్ర పన్నుతుంది, ఎవరికో ప్రమాదం జరుగుతుంది, ఎక్కడో పెళ్లి ఆగిపోతుంది. పెరిగితే పెంచిన ట్రాక్‌నే లాగుతారు. ఎంతమంది చూశారో ఆ అంకె చెబుతుంది. ఎందుకు చూశారో, ఎక్కడ మనసు నొచ్చుకుందో చెప్పదు. నాయికను మరో నెల ఏడిపిస్తే రేటింగ్ పెరగవచ్చు. ‘ఈమె ఎప్పటికి తిరగబడుతుందో’ అని ఓపికపట్టి చూసినవాళ్లు ‘ఆమె ఏడుపు బాగుంది’ అని చూసినట్టే ఆ లెక్కలో కనిపిస్తారు. మన సీరియళ్లలో ఆడవాళ్ల కన్నీళ్లు ఇంకిపోకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఎక్కువ కాలం నడవడం నేరమేమీ కాదు. ఈటీవీ ‘అభిషేకం’ 2008 చివర్లో మొదలై 2022 ఫిబ్రవరి వరకు, 4000 ఎపిసోడ్లు నడిచింది. ఒక తరం పిల్లలు దాంతోపాటే పెరిగారు. అన్నేళ్లు వెంట నడిచినవాళ్లకు కథ మీద హక్కుంటుంది. నటి మారితే ఎందుకు మారిందో ఒక్కమాట చెప్పాలి. కథ ముగిస్తుంటే ముందుగా తెలియజేయాలి. నాలుగు ఎపిసోడ్లలో అన్ని ముడులూ తెంపేసి శుభం కార్డు వేయడం మానాలి. ఖర్చులేని పనులివి. చానళ్లు ఈ మాత్రం మర్యాద చూపించాలి. చూసేవాళ్లు కూడా బాగాలేదనుకున్న రోజు ఇంట్లో అనుకుని ఊరుకోకుండా టీవీ కట్టేయండి. వాళ్ల లెక్కలోకి ఎక్కే మాట ప్రస్తుతానికి అదొక్కటే.