తోలు బూట్ల సంరక్షణ, మరమ్మతు

తోలు బూట్లు వానకు తడిస్తే పాడవుతాయని అందరికీ తెలుసు. కర్నూలు, కడప ప్రాంతాల్లో మాత్రం వాటికి వాన కంటే ఎండతోనే ఎక్కువ ముప్పు. ఇక్కడ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. తోలు నిర్మాణం తెలిస్తే కారణం బోధపడుతుంది.

1. తోలు ఎందుకు పగులుతుంది?

పచ్చి చర్మంలో ప్రధానంగా ఉండేవి కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. అవి కుళ్లకుండా స్థిరపరచడమే చర్మశుద్ధి. మన మెట్టభూముల్లో పెరిగే తంగేడు చెక్కలోని టానిన్లు ఈ పని చేస్తాయి. దక్షిణ భారతదేశంలో చర్మకారులు తరతరాలుగా దీన్ని వాడారు. నేడు బూట్ల పైతోలును ఎక్కువగా క్రోమియం లవణాలతో శుద్ధి చేస్తున్నారు. పద్ధతి ఏదైనా, పోగులు ఒకదానిపై ఒకటి జారడానికి తోలుకు నూనె పట్టిస్తారు. ఎండకు తేమ ఆరిపోయి, కాలక్రమంలో నూనె తగ్గితే తోలు బిరుసెక్కుతుంది. అప్పుడు నడకలో వేళ్ల దగ్గర మడతపడే చోట పోగులు తెగుతాయి. అదే పగులు.

2. సంరక్షణ

ముందుగా బ్రష్‌తో దుమ్ము దులపాలి. నాపరాళ్ల గనుల వద్ద తిరిగేవారు దీన్ని రోజూ చేయాలి. మడతల్లో చేరిన రాతిపొడి తోలును గీరుతుంది. తరువాత తడిపి పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరనిచ్చి, షూ క్రీము పలుచగా పట్టించాలి. పాలిష్ చివరిది. అందులోని మైనం పైకి మెరుపునిస్తుందే తప్ప లోపలి నూనె లోటును తీర్చదు. వంటనూనె పూయరాదు, అది మక్కి, దుమ్మును పట్టి ఉంచుతుంది. తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి నీడలోనే ఆరబెట్టాలి. ఒకే జత రోజూ వేసుకోకుంటే చెమట ఆరే వ్యవధి దొరుకుతుంది.

3. మరమ్మతు

తెగిన కుట్టును చెప్పులు కుట్టేవారు ఆరెతో, మైనం పట్టించిన దారంతో తిరిగి వేయగలరు. ఊడిన అట్టను అతికించి, అంచున కుట్టు వేస్తే గట్టిగా నిలుస్తుంది. మడమ అరుగుదల పైపొరను దాటకముందే ఆ పొర మార్పించాలి. తోలు పగులు మాత్రం తిరిగి అతకదు. మాటు వేసి కప్పగలం, అంతే. ఉద్యోగానికని కొన్న ఒక్క జత ఏళ్ల తరబడి నిలవాలంటే పగులు రాకముందే శ్రద్ధ వహించాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పాలిష్ క్రమం తప్పకుండా వేసినా తోలు ఎందుకు పగలవచ్చు? మూడు వాక్యాల్లో వివరించండి.