మీకు తెలుసా? పచ్చిక మొలిచినా ఆవులకు కొలిచే పెడతారు

న్యూజిలాండ్‌లో పాడి ఆవులు ఎక్కువగా జూలై, ఆగస్టు నెలల్లో ఈనుతాయి. అక్కడ అది చలికాలం చివర. ఈనిన ఆవుకు ఆకలి రోజురోజుకూ పెరుగుతుంది, గడ్డి మాత్రం చలికి నెమ్మదిగానే ఎదుగుతుంది. అందుకే రైతు మొదట్లో రోజుకు బీడులో దాదాపు నూరో వంతే మేపుతాడు. గడ్డి ఎదుగుదల మంద తిండిని అందుకునేది సాధారణంగా సెప్టెంబరు రెండో సగంలో. అప్పటికి ఆ వాటా ఇంచుమించు ఇరవయ్యో వంతుకు చేరుతుంది. ముందే తొందరపడి ఎక్కువ మేపితే, బీడంతా చుట్టి మంద తిరిగి వచ్చేసరికి మొదట మేసిన మడి ఇంకా కోలుకుని ఉండదు.

మడి సిద్ధమైందో లేదో గడ్డే చెబుతుంది. రైగ్రాస్ పిలకకు ఒకేసారి మూడు పచ్చి ఆకులే నిలుస్తాయి. నాలుగోది వస్తే అన్నిటికన్నా ముదురుది ఎండిపోతుంది. కాబట్టి రెండు, మూడు ఆకుల దశలో ఆవుల్ని వదిలి, సుమారు 4 సెంటీమీటర్ల మోడు మిగిలేదాకా మేపి, కరెంటు తీగ ముందుకు జరుపుతారు. మేసిన చోటికి మళ్లీ పోకుండా వెనక కూడా ఒక తీగ కడతారు. లేత చిగురు రుచి ఆవుకు తెలియనిదా!

ప్రమాదమూ ఆ లేత గడ్డిలోనే ఉంది. అందులో పొటాషియం ఎక్కువ, మెగ్నీషియం తక్కువ. పైగా మొదటిది రెండోదాన్ని ఒంటపట్టనివ్వదు. పాలలో పోయే మెగ్నీషియం పోతూనే ఉంటుంది. ఒంట్లో అది మరీ తగ్గితే ఆవు బెదురుతుంది, తూలుతుంది, పడి కాళ్లు కొట్టుకుంటుంది, కొన్ని గంటల్లోనే చనిపోవచ్చు. అందుకే ఈతకు ముందు నుంచే గడ్డి మీద మెగ్నీషియం ఆక్సైడ్ పొడి చల్లుతారు, నీటి తొట్లలోనూ మెగ్నీషియం లవణం కలుపుతారు. పెద్ద వాన పడి పొడి కొట్టుకుపోతే మళ్లీ చల్లాల్సిందే.