బడి రుసుములో రాయితీ: అడిగే వేళ, అడిగే తీరు

జూన్ నెల రాగానే రైతు కుటుంబానికి రెండు ఖర్చులు ఒకేసారి ఎదురవుతాయి. తొలకరి పడితే విత్తనం, ఎరువు, దుక్కి కూలి. బడి తెరిస్తే రుసుము, పుస్తకాలు, బస్సు కిరాయి. చేతిలో ఉన్నది ఒక్కటే డబ్బు, అది అప్పుడే పునరుద్ధరించుకున్న పంట ఋణం. బడి వారు రెండు రోజుల గడువిస్తారు, నేల మాత్రం నోరు తెరిచి అడగదు. కావున సొమ్ము ముందుగా బడికే వెళ్తుంది, ఎరువు అరువుకు వస్తుంది.

ఈ వ్యవహారాన్ని ఒకసారి కాగితం మీద వేసి చూడండి. కిసాన్ క్రెడిట్ కార్డు ఋణ పరిమితిని నిర్ణయించేటప్పుడు పంట ఖర్చుకు అదనంగా అందులో 10 శాతాన్ని కోత అనంతర ఖర్చులకు, ఇంటి అవసరాలకు కలుపుతారు. మీ పంట ఖర్చు లక్ష రూపాయలుగా లెక్కకు వస్తే ఇంటి పేర వచ్చేది 10,000. ఇద్దరు పిల్లల రుసుము 40,000 అయితే మిగిలిన 30,000 పొలం నోటి దగ్గరి కూడే. ఆ లోటు పూడ్చడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 30,000కు, జూన్ నుండి పత్తి అమ్ముడుపోయే జనవరి వరకు, ఏడు నెలలకు 6,300 వడ్డీ అవుతుంది. పంట ఋణం గడువు తప్పితే మరొక నష్టం. మూడు లక్షల లోపు పంట ఋణానికి 7 శాతం వడ్డీలో, సకాలంలో చెల్లించిన వారికి లభించే 3 శాతం రాయితీ చేజారుతుంది. బడి రుసుము ఎంత అని అడిగితే 40,000 అని చెబుతారు గాని, ఈ వడ్డీని ఆ పద్దులో వ్రాసుకునేవారు అరుదు.

కాబట్టి అప్పు అడగడానికి ముందు రాయితీ అడగవలసి ఉంటుంది. దీనికి చాలామంది సిగ్గుపడతారు. పంట నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టుకోవడంలో లేని చిన్నతనం ఇందులో మాత్రం ఎందుకుండాలి?

ఒకటవ తరగతిలో చేర్చే పిల్లలున్నవారు మొదట విచారించవలసినది విద్యాహక్కు చట్టం. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ చట్టంలోని 12వ సెక్షను, ప్రభుత్వ సహాయం పొందని ప్రైవేటు పాఠశాలలు సైతం ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లను పరిసర ప్రాంతపు బలహీన వర్గాల పిల్లలకిచ్చి, ఎనిమిదవ తరగతి వరకు ఉచితంగా చదివించాలని నిర్దేశిస్తున్నది. 2012లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2022-23 విద్యాసంవత్సరం నుండి ఆచరణలోకి వచ్చింది. 25 శాతంలో షెడ్యూల్డు కులాలకు 10, తెగలకు 4, అనాథలు, దివ్యాంగులు, హెచ్.ఐ.వి. బాధిత కుటుంబాల పిల్లలకు 5, మిగిలిన బలహీన వర్గాలకు 6 శాతంగా విభజించారు. ఈ చివరి వర్గానికి నిర్ణయించిన వార్షికాదాయ పరిమితి గ్రామాలలో 1,20,000, పట్టణాలలో 1,44,000 రూపాయలు. దరఖాస్తు కంప్యూటరు ద్వారా, ఎంపిక లాటరీ ద్వారా జరుగుతుంది. బడికి దగ్గరగా నివసించేవారికి ప్రాధాన్యం. ఈ ప్రకటనలు గత సంవత్సరాలలో మార్చికి అటూ ఇటూ వెలువడ్డాయి. బడి తెరిచాక వెళ్ళి అడిగితే ప్రయోజనముండదు. ప్రకటనను పూర్తిగా చదివించుకోండి. రుసుమును తల్లి ఖాతాలో పడే ప్రభుత్వ సహాయంతో ముడిపెట్టిన సంవత్సరం కూడా ఉన్నది.

అల్పసంఖ్యాక వర్గాల యాజమాన్యంలోని పాఠశాలలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అక్కడ యాజమాన్యాన్నే నేరుగా అడగాలి. తెలంగాణలోని షెడ్యూల్డు కులాలు, తెగల తల్లిదండ్రులు, ప్రభుత్వమే రుసుము చెల్లించే బెస్ట్ అవైలబుల్ స్కూలు పథకాన్ని గురించి జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో తెలుసుకోవాలి. తొమ్మిది, పదకొండు తరగతులలో చేరే షెడ్యూల్డు కులాల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వపు ‘శ్రేష్ఠ’ పథకం కలదు. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలకు మించకుండా, జాతీయ స్థాయి ప్రవేశ పరీక్షలో ఎంపికైతే ప్రైవేటు ఆశ్రమ పాఠశాల రుసుము మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది.

ఒక హెచ్చరిక. ఎనిమిదవ తరగతిలో పరీక్ష వ్రాసి, తొమ్మిది నుండి పన్నెండు వరకు ఏటా 12,000 రూపాయలు పొందే జాతీయ ఉపకార వేతనం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలకే లభిస్తుంది. చురుకైన పిల్లవాణ్ణి ఏడవ తరగతిలో ఆ బడి నుండి తీసి ప్రైవేటు బడిలో వేస్తే ఈ అవకాశం పోతుంది. మార్చదలచినవారు దీనిని కూడా తూకంలో వేసుకోవాలి.

పై పథకాలు వేటిలోనూ ఇమడని కుటుంబాలే ఎక్కువ. వీరికి మిగిలిన మార్గం యాజమాన్యానికి విన్నపం. ఇందులో అనేకులు చేసే పని, గుమాస్తా బల్ల ముందు నిలబడి ‘ఏదో కొంత తగ్గించండి’ అనడం. ఆ మాటకు ఐదువందలు తగ్గి, విషయం అంతటితో ముగుస్తుంది. ప్రధానోపాధ్యాయునికి గాని కరస్పాండెంటుకు గాని ఫిబ్రవరిలోనే, వచ్చే సంవత్సరపు రుసుములు ఖరారు కాకమునుపే, వ్రాతపూర్వకంగా ఇవ్వండి. ఎంత చెల్లించగలరో, ఎప్పుడు చెల్లించగలరో అంకెలలో చెప్పండి. ‘నాకు మూడెకరాల మెట్ట. పత్తి తప్ప వేరే ఆధారం లేదు. నిరుడు వర్షాలకు సగం పంట పోయినది. నిర్ణయించిన 22,000లో 14,000 చెల్లించగలను. జూన్‌లో 2,000, పత్తి అమ్మిన తరువాత డిసెంబరు, ఫిబ్రవరి నెలలలో ఆరేసి వేలు’ అని వ్రాసిన ఉత్తరానికి యాజమాన్యం జవాబు చెప్పక తప్పదు. తగ్గింపు ఇవ్వలేని బడి కూడా వాయిదాకు అంగీకరించవచ్చును. నా దృష్టిలో రైతుకు తగ్గింపు కన్నా వాయిదాయే మేలు. వడ్డీ తినేది ఆ ఏడు నెలలనే గదా!

ఉత్తరానికి జతచేయవలసినవి ఎక్కువేమీ కావు. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాసుపుస్తకం నకలు, పంట నష్టం నమోదై ఉంటే ఆ పత్రం, పిల్లవాని మార్కుల జాబితా. ఆంధ్రప్రదేశ్‌లోని కౌలు రైతులు 2019 చట్టం ప్రకారం ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రాన్ని జతపరచవచ్చు. ఆదాయ ధ్రువపత్రం చేతికి రావడానికి రోజులు పడుతుంది కనుక జనవరిలోనే మొదలుపెట్టండి. ఆదాయం తక్కువ చూపడానికి ప్రయత్నించకండి. అదే కుటుంబం బ్యాంకులో పెద్ద ఋణానికి పెద్ద ఆదాయం చూపినప్పుడు రెండు కాగితాలూ ఒకదానినొకటి వెక్కిరిస్తాయి.

బోధన రుసుము తగ్గించి, ‘విరాళం’ పేర ఆ మొత్తాన్నే రాబట్టే పద్ధతి కూడా లేకపోలేదు. ప్రకటించిన రుసుముకు మించి విరాళం వసూలు చేయడాన్ని విద్యాహక్కు చట్టం 13వ సెక్షను నిషేధిస్తున్నది. జరిమానా వసూలు చేసిన దానికి పది రెట్ల వరకు ఉండవచ్చు. కావున బస్సు, పుస్తకాలు, దుస్తులు, పరీక్ష రుసుము ఏవి రాయితీలో చేరినవో, ఏవి చేరలేదో ముందుగానే వ్రాయించుకోండి. రాయితీ ఒక్క ఏటికా, చదువు ముగిసే వరకా అన్నది కూడా అడగండి. ఈ ప్రశ్న మరచిపోయినవారు మరుసటి జూన్‌లో మళ్ళీ మొదటికే వస్తారు.

బడి ఒప్పుకోక, వేరే దారి లేక అప్పు తప్పనిసరి అయినప్పుడు, పంట ఋణాన్ని కదిలించకుండా తల్లి సభ్యురాలిగా ఉన్న స్వయం సహాయక సంఘం ద్వారా ప్రయత్నించండి. లేదా శాఖాధికారితో రుసుము విషయం దాచకుండా మాట్లాడండి. ఆయనకు చూపడానికి బడికిచ్చిన విన్నపం నకలు ఉంచుకోండి; దాని మీద పాఠశాల ముద్ర, అందిన తేదీ వేయించుకోవడం మరువకండి.