రౌతు కొద్దీ గుర్రమేనా?

గత వర్షాకాలంలో ఒకనాటి ఉదయం. మా పాఠశాల ముందరి రోడ్డు మీద చీలమండల లోతు నీరు నిలిచి ఉన్నది. పిల్లలు చెప్పులు చేతబట్టుకొని, గోడవారగా, ఒకరి వెనుక ఒకరు నడచి వస్తున్నారు. ఇంతలో తెల్లని పెద్ద కారొకటి వచ్చింది. ఎత్తైన చక్రాలు, నల్లని అద్దాలు. వేగం తగ్గలేదు సరిగదా, హారను మోత మాత్రం హెచ్చింది. క్షణంలో బురదనీరు లేచి పిల్లల తెల్లచొక్కాల మీద పడ్డది. ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి పుస్తకాల సంచిని గుండెకు హత్తుకొని గోడవైపు తిరిగి నిలబడ్డది. తాను తడిసినా పుస్తకాలు తడవకూడదని ఆ బిడ్డ ఆరాటం.

ఆనాడు ఉపాధ్యాయుల గదిలో ఇదే ప్రసంగం. “ఆ బండి నడిపేవాళ్ళంతా అంతేనండీ!” అని ఒకరు తీర్పు చెప్పారు. మరొకరు దానిని విస్తరించారు. పెద్ద తెల్లబండి అయితే ఏ నాయకుని అనుచరుడో. నల్లబండి అయితే ఏ స్థలాల వ్యాపారో. చెవులు గింగురుమనిపించే మోటారుసైకిలు అయితే కళాశాల కుర్రవాడు. చేయి చూపకుండా మలుపు తిరిగేది ఆటో. పాత చిన్నకారులో నెమ్మదిగా దేకేవాడు ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తా. నేనుకూడా ఆ జాబితాకు యథాశక్తి రెండు పేర్లు చేర్చాను. మా కోపం చల్లారింది. పిల్లల చొక్కాలు మాత్రం ఆరలేదు.

బండిని చూచి మనిషిని నిర్ణయించే ఈ విద్య మన ఊరికే పరిమితమైనది కాదు. ఇంగ్లండులో “తెల్ల వ్యానువాడు” అంటే చాలు, దురుసుగా నడిపే మనిషి కళ్ళయెదుట నిలుస్తాడు. ఐరోపాలో పలుచోట్ల ఖరీదైన జర్మను కార్లవారి మీద హాస్యోక్తులకు లెక్కలేదు. మన దేశంలో ఒక తరం క్రితం తెల్ల అంబాసిడరు, దాని నెత్తిన ఎర్రదీపం కనబడితే జనం తమంత తామే తొలగిపోయేవారు. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. మంత్రుల, అధికారుల కార్ల మీది ఎర్రదీపాలు 2017 మే 1 నుంచి ప్రభుత్వపు ఉత్తరువుతో దిగిపోయాయి. దీపం దిగినంత సులభంగా, దారి తనదేనన్న భావం దిగుతుందా?

మన తర్కశాస్త్రంలో స్థాలీపులాక న్యాయమని ఒకటున్నది. అన్నం ఉడికినదీ లేనిదీ ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. న్యాయం మంచిదే. కాని మెతుకులన్నీ ఒకే కుండలో, ఒకే మంట మీద ఉడికినవైనప్పుడే అది చెల్లుతుంది. ఒకే కంపెనీ కారు కొన్న వేలాదిమంది ఒకే కుండలోని మెతుకులా? ఇక కాకతాళీయ న్యాయం సంగతి. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగితే కాకివల్లనే పండు పడ్డదనుకొంటాము. కాకి వాలినా పడని పండ్లు మనకు గుర్తుండవు. అలాగే మన కోసం ఆగి, దారి ఇచ్చి, మౌనంగా వెళ్ళిపోయిన పెద్దకార్లు ఏనాడూ ఉపాధ్యాయుల గదిలో ప్రసంగానికి రావు.

అయితే నిప్పులేనిదే పొగ రాదని ఎవరైనా అనవచ్చును. ఆ మాటనూ త్రోసివేయడానికి వీలులేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు పరిశోధకులు కూడలివద్ద చాటున నిలిచి, వచ్చిన కార్లను వాటి రూపాన్ని బట్టి ఐదు అంతస్తులుగా విభజించి, నడవడిని లెక్కించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, మేటి అంతస్తు కార్లలో నూటికి సుమారు 30 తమ వంతు రాకముందే ఇతరులకు అడ్డుపడి పోయాయి. అట్టడుగు అంతస్తులో ఆ సంఖ్య నూటికి ఎనిమిదికి మించలేదు. పాదచారులు దాటే పట్టీవద్ద మరొక లెక్క తీశారు. అక్కడ మేటి కార్లలో ఇంచుమించు సగం నడిచేవారికోసం ఆగలేదు. చవుకబారు కార్లలో ఆగనిది ఒక్కటీ లేదు. లాస్ వేగాస్ నగరంలో జరిపిన మరొక పరిశీలన 2020లో వెలువడింది. కారు విలువ వెయ్యి డాలర్లు పెరిగినప్పుడల్లా అది పాదచారికోసం ఆగే అవకాశం నూటికి మూడు వంతున తగ్గిందని అందులో తేలింది. అల్పునికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని మన పెద్దలు ఊరికే అనలేదు.

అయినా ఇక్కడొక చిక్కున్నది. బండి మనిషిని చెడగొట్టిందా, లేక చెడ్డమనిషే ఆ బండిని వెదకి కొన్నాడా? ఫిన్లండులో హెల్సింకీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లోన్‌క్విస్ట్, ఆయన సహచరులు 1,892 మంది కారు యజమానుల స్వభావాలను విచారించారు. మొండితనం, తగవులమారితనం, ఎదుటివారి బాధ పట్టనితనం గల పురుషులు ఆడీ, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ వంటి హోదాగల కార్లను కలిగి ఉండడం ఎక్కువని తేలింది. స్త్రీలలో మాత్రం ఈ సంబంధం కనబడలేదు. ఇంతవరకు వినేవారు “చూచారా, నేను చెప్పలేదా!” అంటారు. కాని అదే విచారణలో రెండవ విషయమూ బయటపడ్డది. బాధ్యతగా, క్రమశిక్షణతో, నమ్మకంగా పనిచేసే స్త్రీపురుషులుకూడా అవే కార్లను కోరుతున్నారు. మొదటివారికి కావలసినది దర్పం, రెండవవారికి కావలసినది దృఢత్వం. బయటినుంచి చూస్తే రెండూ ఒకే కారు. నల్లని అద్దాల వెనుక ఉన్నది ఎవరో కారు చెప్పదు.

ఇంతకంటె విచిత్రమైన ప్రయోగమొకటి 1968లో ప్రచురితమైనది. డూబ్, గ్రాస్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఆకుపచ్చదీపం వెలిగినా కదలకుండా తమ కారును కూడలిలో నిలిపి ఉంచారు. కొన్నిసార్లు అది మిలమిలలాడే ఖరీదైన కారు. కొన్నిసార్లు తుప్పుపట్టిన పాతకారు. వెనుకవారు ఏమి చేస్తారన్నదే ప్రశ్న. పాతకారు వెనుక నిలిచినవారిలో నూటికి 84 మంది హారను మోగించారు. ఇద్దరైతే ఏకంగా తమ కారుతో దానిని వెనుకనుంచి తాకించారు. ఖరీదైన కారు వెనుక హారను మోగించినవారు నూటికి 50 మందే. ఇందులో అసలు రుచి మరొకటి. మీరైతే ఏ కారు మీద ముందుగా హారను మోగిస్తారని విద్యార్థులను కాగితం మీద అడిగితే, ఖరీదైన కారు మీదనే ముందు మోగిస్తామని యువకులు వ్రాశారు! పెద్దకారును నిందించేది మన నోరు. దానికి తలవంచేది మన చెయ్యి. ఆ గర్వానికి రోజూ దారి పోసి పెంచుతున్నవారిలో మనమూ ఉన్నామన్నమాట.

దారికోసం తగవు నేటిది కాదు. భారతం ఆదిపర్వంలో కల్మాషపాదుడు వేటాడి అలసి వస్తూ, ఇరుకుదారిలో వసిష్ఠుని కుమారుడైన శక్తికి ఎదురుపడ్డాడు. తొలగమని రాజు, నీవే తొలగాలని ముని. ఇద్దరిలో ఎవరూ ఒక్క అడుగు ప్రక్కకు వేయలేదు. రాజు కొరడాతో కొట్టాడు. ముని రాక్షసుడవు కమ్మని శపించాడు. ఆ శాపం ఫలించి రాజు నరమాంసభక్షకుడైనాడు. తుదకు శపించిన శక్తినే ముందు మ్రింగాడు. తప్పు రాజుదే, సందేహం లేదు. కాని ఎదుటివానిని రాక్షసుడని తేల్చివేసినంత మాత్రాన దారి సుగమం కాలేదు. వాల్ట్ డిస్నీ సంస్థ 1950లో తీసిన ఒక బొమ్మల చిత్రంలో ఈ కథకే మరొక రూపం ఉన్నది. అందులో గూఫీ కాలినడకన ఉన్నంతసేపు చీమకైనా హాని తలపెట్టని సాధువు. కారులో కూర్చుని చక్రం పట్టుకోగానే రాక్షసుడు. కారు దిగగానే తిరిగి సాధువు. రెండు పాత్రలూ ఒక్క మనిషే!

నాకీ సంగతి పుస్తకాలవల్ల తెలియలేదు. బురద చల్లిన కారును గురించి తరగతిలో ఆవేశంగా ప్రసంగించిన వారం తిరగకుండానే, ఒక ఉదయం ఆలస్యమై, నేను స్కూటరు మీద తొందరగా వస్తున్నాను. కూడలివద్ద ఎర్రదీపం పడ్డది. ఆగాను, కాని గీత దాటి, తెల్లపట్టీల నడుమ ఆగాను. నెత్తిన కూరగాయల గంపతో ఒక ముసలమ్మ నా ముందు చక్రాన్ని తప్పించుకొని, పోయే బండ్ల మధ్యకు రెండడుగులు వేసి, చుట్టూ తిరిగి దాటింది. నేను గడియారం చూచుకొంటున్నాను.

మధ్యాహ్నం తరగతి ముగిసినాక ఆ ఎనిమిదవ తరగతి అమ్మాయి వచ్చి, తలవంచుకొని, మెల్లగా అడిగింది: “మాస్టారూ, పెద్దకార్లవాళ్ళ సంగతి చెప్పారు గదండీ. స్కూటర్లవాళ్ళు ఎలాంటివాళ్ళండీ?” ఆ ఉదయం ఆ పిల్లకూడా కూడలిలోనే ఉన్నదని ఆమె కళ్ళే చెప్పాయి. నా నోట వెంటనే రాబోయిన సమాధానం: “ఆలస్యమైందమ్మా!” తనది పరిస్థితి, ఎదుటివానిది స్వభావం. మనుషులందరిలోని ఈ దోషానికి మనస్తత్వశాస్త్రంలో 1977లో లీ రాస్ ఒక పేరుకూడా పెట్టాడు. ఆ తెల్లకారులోని మనిషికి ఏమి తొందరయో నేను అడగలేదు. అడిగినా అతని తప్పు ఒప్పు కాదు. కాని అప్పుడు నా తప్పూ ఒప్పు కాదు.

ఇది హాస్యానికి వదలివేయదగిన విషయం కాదు. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారం 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవారు. అంటే ప్రతి ఐదుగురిలో ఇంచుమించు ఒకరు. ఆ ముసలమ్మ వేసిన రెండడుగులు ఎటువంటివో ఈ అంకెలు చెబుతాయి. ఆమెను ఆ అడుగులు వేయించినది ఏ పెద్దకారూ కాదు.

రౌతు కొద్దీ గుర్రమని సామెత. గుర్రాన్ని చూచి రౌతును తెలుసుకోవచ్చునని ఆ సామెత చెప్పలేదు. కళ్ళెం రౌతు చేతిలో ఉన్నదని మాత్రమే చెప్పింది. నా తోటి ఉపాధ్యాయులకు ఒక్క మనవి. పిల్లలను పాఠశాల ఆవరణలోపలనే కూర్చోబెట్టి, గేటుగుండా కనబడే రోడ్డును అరగంట గమనించమనండి. నడిచేవారికోసం ఆగిన బండ్లెన్ని, ఆగనివెన్ని, ఏ తరహావి, అన్నీ పట్టికగా వ్రాయమనండి. ఆగినవాటిని మరువకుండా వ్రాయడమే అందులోని పాఠం. మా తరగతిలో వచ్చే సోమవారం ఆ పని పెట్టాను. పట్టికకు గళ్ళు గీసి, ఆగనివాటి వరుసలో మొదటి గడిలో నా స్కూటరు నంబరు నేనే వ్రాసి ఇచ్చాను.